సహాయ సంస్థలు అనుభవాన్ని ఎలా దాచుకుంటాయి?

తుఫానో భూకంపమో వచ్చినప్పుడు పరుగున వచ్చే సహాయ సంస్థల్లో చాలామంది కొన్ని నెలల ఒప్పందం మీద పనిచేసేవారే. గడువు తీరగానే వెళ్లిపోతారు. నేర్చుకున్నదీ వారితోనే పోతుంది. ఆఫీసులో బదిలీ అయిన గుమాస్తా ఫైళ్ల జాబితా రాసిచ్చి మరీ చార్జి అప్పగించాలి. సహాయరంగంలో ఆ పద్ధతి చాలాకాలం సరిగా కుదరలేదు.

దాని ఫలితం 1994లో బయటపడింది. రువాండా మారణహోమం తర్వాత జూలైలో లక్షలాది మంది కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి, అప్పటి జైర్ దేశంలోని గోమా చేరారు. అది లావా రాతి నేల. మరుగుదొడ్డికి గొయ్యి తీయడం కూడా కష్టమే. కలరా, జిగట విరేచనాలు చెలరేగి మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు. సంస్థలు చాలానే వచ్చాయి కానీ అన్నిటికీ ఆ పని చేతనైనది కాదని, సమన్వయం కొరవడిందని 1996లో వెలువడిన ఉమ్మడి సమీక్ష తేల్చింది.

ఆ సమీక్ష తర్వాత, 1997లో, లండన్ కేంద్రంగా ఆల్నాప్ అనే వేదిక ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి సంస్థలు, రెడ్‌క్రాస్, దాత దేశాలు, స్వచ్ఛంద సంస్థలు ఇందులో సభ్యులు. ఎవరి సమీక్షలు వారి బీరువాల్లో మిగిలిపోకుండా అన్నిటినీ ఒకచోట చేర్చడం దీని ముఖ్యమైన పని. కొత్త విపత్తు రాగానే పాత విపత్తుల పాఠాలను క్లుప్తంగా రాసి పంపుతుంది కూడా. అదే ఏడాది స్ఫియర్ ప్రమాణాల పని మొదలైంది: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలకు మూడున్నర చదరపు మీటర్ల నీడ. నా దృష్టిలో నివేదికల కన్నా ఈ అంకెలే ఎక్కువ మేలు చేశాయి. కొత్తగా చేరిన మనిషికైనా అంకె అర్థమవుతుంది.

అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పాత తప్పులు మళ్లీ కనిపించాయి. తమిళనాడులో ఒక్క నాగపట్టణం జిల్లాలోనే 6 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అక్కడికి లారీల కొద్దీ వాడిన బట్టలు చేరాయి. మత్స్యకారులు వాటిని ముట్టలేదు, రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. స్థానిక సంస్థలే జిల్లా యంత్రాంగంతో కలిసి సమన్వయ కేంద్రం పెట్టి, ఏ ఊళ్లో ఎవరు ఏం చేస్తున్నారో లెక్క కట్టాయి. మొదటి గంటల్లో ప్రాణాలు కాపాడింది ఎక్కువగా స్థానికులేనని, తర్వాత వచ్చిన పెద్ద సంస్థలు చాలాచోట్ల వారిని పక్కకు నెట్టాయని ఆల్నాప్‌లో కేంద్రం పెట్టుకున్న సునామీ సమీక్షా కూటమి రాసింది. ఆ మాట రువాండా తర్వాత చాలా నివేదికల్లో ఉన్నదే.

పాఠం ఊళ్లోనే నిలిచిన చోటు ఒకటి ఒడిశాలో ఉంది. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ ఏడాదే రాష్ట్రం విపత్తు సంస్థ పెట్టింది. తీరమంతా తుఫాను షెల్టర్లు కట్టారు, స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. బరంపురంలోని మనవాళ్లకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. అప్పటికే దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి.