మెటల్ సంగీతం: వైవిధ్యం, నవ్యత

రాక్ సంగీతం నుండి ఉద్భవించిన మెటల్‌ను కేవలం రణగొణధ్వనిగా భావించేవారు అనేకులు. దాని చరిత్ర ఇందుకు భిన్నమైనది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సాబత్ బృందం 1970లో వెలువరించిన తొలి ఆల్బమ్‌తో ఈ ప్రక్రియ రూపుదిద్దుకొన్నదని పలువురి అభిప్రాయం. ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ యౌవనంలో కర్మాగార ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు కోల్పోయాడు. వేళ్లకు తొడుగులు ధరించి, పలుచని తీగలు అమర్చుకొని, తరువాతి కాలంలో శ్రుతిని తగ్గించి వాయించాడు. ఆ గంభీరనాదమే మెటల్‌కు ముఖ్యలక్షణమైనది.

బ్లూస్‌లో పన్నెండు ఆవర్తాల చట్రం ప్రసిద్ధం. కళాకారుని ప్రతిభ అధికంగా అందులోనే వ్యక్తమవుతుంది. జాజ్‌కు ప్రాణం మనోధర్మం. మెటల్‌లో నవ్యత ప్రధానంగా ముందే కూర్చుకొన్న రచనలో కనిపిస్తుంది. దీనికి నియతరూపం లేనందున శాఖలు విస్తరించాయి. డూమ్ విలంబగతిలో సాగితే, థ్రాష్ అతివేగంతో సాగుతుంది. స్వీడన్ బృందం మెషుగా భిన్న లయలను ఏకకాలంలో పేర్చింది. 1996లో బ్రెజిల్ బృందం సెపుల్తురా షవాంతే ఆదివాసుల గానాన్ని స్వీకరించింది. అదే సంవత్సరం ఫిన్లాండ్‌కు చెందిన అపోకలిప్టికా గిటారును విడిచి, మెటాలికా పాటలను నాలుగు చెల్లో వాద్యాలపై వినిపించింది.

వేగాన్ని, ధ్వనితీవ్రతను పెంచినంత మాత్రాన నవ్యత సిద్ధించదు. అనుకరణ ఈ ప్రక్రియలోనూ ఉన్నది. అయినను, పరాయి వాద్యాన్ని, పరాయి లయను తనలో కలుపుకొని కూడా గుర్తింపు కోల్పోకపోవడమే మెటల్ విశిష్టత.