లోనికి పోయిన నీరు, తిరిగి వచ్చిన నీరు

బెల్లంపల్లి బొగ్గుబావులలో దిగి పనిచేసినవారికి నీటి సంగతి చెప్పనక్కరలేదు. భూగర్భమున ఊట ఊరుచునే యుండును. పంపులు తోడుచునే యుండవలెను. ఊరినదానికంటె తోడినది తగ్గినచో ముప్పు తప్పదు. గర్భాశయములోనికి సన్నని గొట్టమును పంపి చేయు శస్త్రచికిత్స చరిత్రలోను ఇట్టి నీటి లెక్క యొకటి కలదు.

1869లో పాంటలియోని అను వైద్యుడు అరువదేండ్ల స్త్రీ గర్భాశయమును గొట్టముద్వారా చూచి, రక్తస్రావమునకు మూలమైన కండపిలకను సిల్వర్ నైట్రేటుతో కాల్చెను. కాని గర్భాశయపు గోడలు ఒకదానినొకటి అంటియుండును. వాటిని ఎడము చేసి నెత్తురు కడిగినగాని లోపల చక్కగా కనబడదు. అందులకు ద్రవమును ఒత్తిడితో ఎక్కించుట అలవాటయ్యెను.

ఏ ద్రవము మేలు? ఈ ప్రశ్న మూత్రకోశ వైద్యులకు ముందే ఎదురయ్యెను. ప్రోస్టేటు గ్రంథిని గొట్టముద్వారా కోయునపుడు వాడు స్వచ్ఛజలము, తెగిన నాళములగుండా రక్తమున జేరి ఎర్రకణములను పగులగొట్టుచున్నదని 1947లో అమెరికాలో క్రీవీ తెలిపెను. మరుసటి యేట నెస్బిట్, గ్లిక్‌మన్‌లు గ్లైసీన్ ద్రావణమును ప్రవేశపెట్టిరి. అది కణములను పగులనీయదు; విద్యుత్తును ప్రసరింపనీయదు గనుక విద్యుత్ కత్తికిని అనువైనది. 1976లో న్యూవర్త్ అట్టి పరికరముతోనే గర్భాశయపు కంతులను తొలగించు విధమును ప్రకటించెను.

పరికరము వెంట ప్రమాదమును వచ్చెను. శరీరము గ్లైసీనును వినియోగించుకొనగా నీరు మిగులును. రక్తములోని సోడియము పలుచబడి మెదడు వాచును. ఇట్టి చికిత్సలో ప్రాణము పోయిన ఉదంతము 1993లో వైద్యపత్రికకెక్కెను. ముట్టుడుగని వయసు స్త్రీలకు ఈ వాపు మరింత హానికరమని వైద్యులు గుర్తించిరి.

పిమ్మట ఉప్పునీటిలోనే పనిచేయు ద్విధ్రువ కత్తులు వచ్చెను. వీటితో సోడియము పడిపోవు భయము తగ్గెను. కాని మితిమీరిన ఉప్పునీరు గుండెకు భారమై, ఊపిరితిత్తులలో చేరగలదు. అందుచేత 2013లో అమెరికా స్త్రీవైద్యుల సంఘమొకటి హద్దులు సూచించెను: ఆరోగ్యవంతురాలి శరీరమున గ్లైసీన్ వంటి ద్రవము 1,000 మిల్లీలీటర్లు, ఉప్పునీరైనచో 2,500 మిల్లీలీటర్లు మిగిలినంతనే పని ఆపవలెను. వృద్ధులకు, హృద్రోగులకు హద్దు ఇంకను తక్కువ.

కావున సంచినుండి దిగిన నీటిని, పాత్రలోనికి తిరిగివచ్చిన నీటిని సరిపోల్చి చెప్పు నర్సు మాట, కత్తి పట్టిన వైద్యుడు ఆలకింపవలసిన మాట. కంతి కొంత మిగిలినను మరియొకనాడు తీయవచ్చును. ఇంటివారు గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నచో ముందే చెప్పవలెను. చికిత్స పిమ్మట తలనొప్పి, వాంతి, మగత, ఆయాసము కనిపించినచో మత్తుమందు ప్రభావమేయని ఊరకుండక వెంటనే తెలుపవలెను.