మూత్రపిండాలు దెబ్బతింటే గ్లూకోజు నియంత్రణ ఎలా మారుతుంది?

ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో కొందరికి ఒక దశలో రక్తంలో చక్కెర దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మందుల అవసరమూ తగ్గుతుంది. అయితే ఇది వ్యాధి నయమవుతోందనడానికి నిదర్శనం కాకపోవచ్చు. మూత్రపిండాల పనితీరు క్షీణించిందనడానికి సంకేతం కావచ్చు.

మూత్రపిండాల పాత్ర

వ్యర్థాలను వడపోయడం ఒక్కటే మూత్రపిండాల పని కాదు. ఆరోగ్యవంతుల్లో అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులోని దాదాపు 180 గ్రాముల గ్లూకోజును తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. రాత్రంతా ఆహారం లేనప్పుడు రక్తంలోకి విడుదలయ్యే గ్లూకోజులో సుమారు ఐదో వంతును అవే అందిస్తాయి. మిగిలినది ప్రధానంగా కాలేయం నుంచి వస్తుంది. ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేయడంలోనూ వాటిది కీలక పాత్ర.

రెండు విరుద్ధ మార్పులు

మూత్రపిండాల నిర్మాణంలో లేదా పనితీరులో లోపం మూడు నెలలకు పైగా కొనసాగితే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. వ్యాధి ముదిరేకొద్దీ రక్తంలో వ్యర్థాలు పేరుకుపోవడం, ఆమ్లత్వం పెరగడం, వాపు ప్రక్రియ వంటి కారణాలతో కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. ఫలితంగా మధుమేహం లేనివారిలోనూ భోజనానంతరం చక్కెర పెరగవచ్చు.

మరోవైపు, ఇన్సులిన్ విచ్ఛిన్నం మందగించడంతో అది రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. మూత్రపిండాల్లో గ్లూకోజు ఉత్పత్తి తగ్గుతుంది. దీనికి ఆకలి మందగించడం తోడైతే, చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోయే ముప్పు పెరుగుతుంది. ఇన్సులిన్ లేదా మాత్రలు పాత మోతాదులోనే వాడేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

పరీక్షలు, మందులు

గత రెండు, మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ముదిరిన దశలో వాస్తవం కంటే తక్కువ చూపవచ్చు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు తగ్గడం, రక్తం ఎక్కించడం, ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లు ఇందుకు కారణాలు. అందువల్ల గ్లూకోమీటరుతో ఎప్పటికప్పుడు చూసుకోవడం అవసరమవుతుంది.

గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం శరీరంలో ఎక్కువసేపు ఉండి చక్కెరను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. వడపోత సామర్థ్యాన్ని తెలిపే ఈజీఎఫ్‌ఆర్ విలువ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడరాదు. ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలకు ఈ దశలో చక్కెరను తగ్గించే శక్తి సన్నగిల్లినా, మూత్రపిండాలకు, గుండెకు అవి ఇచ్చే రక్షణ చాలావరకు కొనసాగుతుంది.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే చక్కెర పడిపోయిందని అనుమానించాలి. రోగి స్పృహలో ఉంటే వెంటనే గ్లూకోజు లేదా చక్కెర ఇవ్వాలి. స్పృహ తప్పితే నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఆసుపత్రికి తరలించాలి. కారణం లేకుండా చక్కెర తగ్గుతూ వస్తుంటే మందులను సొంతంగా మార్చుకోకుండా, మూత్రపిండాల పరీక్షలు చేయించుకొని వైద్యుని సలహాతో మోతాదును సవరించుకోవాలి.