ఆరోగ్యవంతునికి పరీక్ష ఎందుకు? వయసు, ముందస్తు వైద్యపరీక్షలు, సామాజిక వైఖరులు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

“నాకేం, నిక్షేపంగా ఉన్నాను” అనే మాట పెద్దవయసువారి నోట తరచుగా వినిపిస్తుంది. బాధ లేనప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్లనవసరం లేదన్న భావన ఆ మాటలో ఉంది. ప్రజారోగ్య ప్రచారం ఈ వైఖరిని సాధారణంగా అజ్ఞానంగానో, భయంగానో పరిగణిస్తుంది. కానీ ఆరోగ్యంగా కనిపించే మనిషిని క్రమం తప్పకుండా పరీక్షించాలన్న ఆలోచన ఆధునికమైనది. దాని ప్రయోజనంపై వైద్యరంగంలోనే దీర్ఘకాలంగా వాదోపవాదాలు సాగాయి. ఆ చరిత్ర వెలుగులో చూస్తే, పరీక్షల పట్ల పెద్దల విముఖతకు మూలం కేవలం తెలియకపోవడం కాదు. పరీక్ష తరువాత ఏమి లభిస్తుందన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోవడం కూడా అందుకు కారణమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రోగి పరీక్ష నుంచి ఆరోగ్యవంతుని పరీక్షకు

భారతీయ వైద్య సంప్రదాయం ఆరోగ్యవంతుని విస్మరించలేదు. ఆయుర్వేదంలోని స్వస్థవృత్తం అతనికి దినచర్యను, ఋతుచర్యను నిర్దేశించింది. అయితే అక్కడ ఆరోగ్యరక్షణ ప్రధానంగా ఆహార విహారాల నియమం. నాడీ పరీక్షకు ప్రముఖ స్థానమిచ్చిన ‘బసవరాజీయం’ వంటి గ్రంథాలు తెలుగునాట వైద్యులకు మార్గదర్శకాలయ్యాయి. వాటిలో పరీక్ష రోగనిర్ణయానికీ, చికిత్సకూ సోపానం. కాబట్టి బాధ కలిగినప్పుడే వైద్యుని ఆశ్రయించడం అనాగరికమైన అలవాటు కాదు. వైద్యానికీ సమాజానికీ మధ్య చిరకాలంగా ఉన్న ఒప్పందం అది.

ఈ ఒప్పందాన్ని మార్చాలన్న స్పష్టమైన ప్రతిపాదన 1861లో లండన్‌లో వెలువడింది. ఛాతీ వ్యాధుల వైద్యుడు హోరేస్ డోబెల్ తన ఉపన్యాసాలలో, వ్యాధి బయటపడకముందే దాని జాడలను గుర్తించడానికి నియతకాలిక పరీక్షలు అవసరమని వాదించాడు. 1900లో అమెరికాలో జార్జ్ గౌల్డ్ ఇటువంటి సూచననే చేశాడు. కానీ దీనికి సంస్థాగత రూపం ఇచ్చినవారు వైద్యులు కాదు, జీవిత బీమా వ్యాపారులు.

3. బీమా సంస్థల లెక్క

1913లో న్యూయార్క్‌లో ఏర్పడిన ‘లైఫ్ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టిట్యూట్’ వెనుక ఆర్థికశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ ఉన్నాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు విలియం హోవార్డ్ టాఫ్ట్ దానికి అధ్యక్షత వహించాడు. మరుసటి సంవత్సరమే మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ తన పాలసీదారులకు ఈ ఇన్‌స్టిట్యూట్ ద్వారా ఉచిత పరీక్షలు చేయించసాగింది. పాలసీదారుడు ఎక్కువకాలం జీవిస్తే సంస్థకు లాభం. 1922లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా ఆరోగ్యవంతుల నియతకాలిక పరీక్షలను సమర్థించింది. ఈ పద్ధతి ప్రయోజనాన్ని తగిన తులనాత్మక అధ్యయనాలతో నిరూపించకముందే అది సత్పౌరుని కర్తవ్యంగా ప్రచారమైంది. వయసు పెరగడమంటే పర్యవేక్షించవలసిన ప్రమాదం పెరగడమే అన్న దృష్టి ఇక్కడే బలపడింది.

4. నమ్మకాన్ని పరీక్షించిన కాలం

1964లో కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే సంస్థ 35–54 ఏళ్ల సభ్యులపై దీర్ఘకాలిక అధ్యయనం ప్రారంభించింది. ఏటా పరీక్షలకు రమ్మని ప్రోత్సహించిన వర్గంలో, ముందుగా గుర్తిస్తే వాయిదా వేయగల కొన్ని వ్యాధుల మరణాలు తగ్గాయి. మొత్తం మరణాలలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన విల్సన్, యుంగ్నర్ల నివేదిక పది సూత్రాలను ప్రతిపాదించింది. గుర్తించిన వ్యాధికి అంగీకృతమైన చికిత్స, దానిని అందించే సౌకర్యాలు, ప్రజలకు ఆమోదయోగ్యమైన పరీక్ష ఉండాలన్నవి వాటిలో ముఖ్యమైనవి. 1979లో కెనడా నిపుణుల బృందం అందరికీ ఒకే రకమైన వార్షిక పరీక్షను విడిచి, వయసును బట్టి ఎంపిక చేసిన పరీక్షలు జరపాలని సూచించింది. 2012లో కాక్రేన్ సమీక్ష 14 అధ్యయనాలను పరిశీలించి, సాధారణ ఆరోగ్య పరీక్షలు మొత్తం మరణాలను తగ్గించినట్లు ఆధారం లేదని తేల్చింది.

దీని అర్థం పరీక్షలన్నీ వృథా అని కాదు. నిర్దిష్ట వ్యాధికి, నిర్దిష్ట వయసులో, చికిత్సతో ముడిపడిన పరీక్ష ప్రాణాలు నిలుపుతుంది. 1998లో ముంబై మురికివాడలలో ప్రారంభమైన అధ్యయనం ఇందుకు నిదర్శనం. పదో తరగతి చదివి, స్వల్పకాల శిక్షణ పొందిన స్త్రీలు, 35–64 ఏళ్ల మహిళలకు గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేశారు. రెండేళ్లకొకసారి నాలుగు విడతలు జరిపిన ఈ పరీక్షల వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడైంది. పోల్చి చూడటానికి ఎంచుకున్న వర్గానికి పరీక్షలు అందించకపోవడంపై నైతిక విమర్శలూ వచ్చాయి. అదే అధ్యయనంలో చేతితో చేసే రొమ్ము పరీక్ష, 50 ఏళ్లు దాటిన వారిలో ఆ వ్యాధి మరణాలను దాదాపు 30 శాతం తగ్గించింది. అంతకన్నా చిన్నవయసు వారిలో ఆ ప్రయోజనం కనిపించలేదు.

5. భారతదేశం – తెలుగు రాష్ట్రాల అనుభవం

1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం మన దేశంలో సగటు ఆయుర్దాయం 27 ఏళ్లకు లోపే. వార్ధక్యపు వ్యాధులు అప్పుడు ప్రధాన ప్రజారోగ్య సమస్య కాలేకపోయాయి. ఆయుర్దాయం పెరిగిన తరువాతనే, 2010లో క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం నివారణకు జాతీయ కార్యక్రమం 100 జిల్లాలలో మొదలైంది. 2016 మార్గదర్శకాలు 30 ఏళ్లు దాటినవారందరికీ పరీక్షలు జరపాలని, తొలి వివరాలను ఆశా కార్యకర్తలు ఇంటింటా సేకరించాలని నిర్దేశించాయి. మరోవైపు కార్పొరేట్ ఆసుపత్రుల ‘మాస్టర్ హెల్త్ చెకప్’ ప్యాకేజీలు మధ్యతరగతికి అలవాటయ్యాయి. ముందస్తు పరీక్షల ఖర్చులో 5,000 రూపాయల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా లభించింది.

ఈ రెండు ధోరణుల నడుమ పేద వృద్ధుని స్థితిని గమనించాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు అండగా నిలిచింది. రక్తపోటు, మధుమేహం వంటివి బయటపడితే ఎదురయ్యే భారం వేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు క్రమంగా అందనప్పుడు జీవితాంతం బిళ్లలు కొనుక్కోవాలి, కూలి మానుకొని ఆసుపత్రికి తిరగాలి, తోడుకోసం పిల్లలపై ఆధారపడాలి. “చూపిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది” అన్న వెనుకంజలో ఈ లెక్క ఉంది. అది విల్సన్, యుంగ్నర్లు వేసిన ప్రశ్నకు ఇంటిభాషలోని రూపమే.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభమైన ‘కంటి వెలుగు’ దీనిని మరోవైపు నుంచి చూపింది. తొలి దశలోనే కోటిన్నర మందికి పైగా కంటి పరీక్షలు జరిగాయి. శిబిరం ఊరిలోకే వచ్చింది. దగ్గరి చూపుకు కావలసిన అద్దాలు అక్కడికక్కడే అందాయి. పరీక్షకూ పరిహారానికీ మధ్య దూరం తగ్గినచోట పెద్దలు వెనుకాడలేదు.

6. ఆపవలసిన వయసు

వయసుతోపాటు పరీక్షలు పెరుగుతూనే ఉండాలన్న అభిప్రాయం కూడా పునరాలోచించదగినది. లోగడ తగినన్ని పరీక్షలు జరిగి, అదనపు ప్రమాదం లేని స్త్రీలకు 65 ఏళ్ల తరువాత గర్భాశయ ముఖద్వార పరీక్ష అవసరం లేదని అమెరికా నివారణ సేవల కార్యదళం సూచించింది. పెద్దపేగు క్యాన్సర్ పరీక్షను 75 ఏళ్ల తరువాత వ్యక్తి ఆరోగ్యస్థితిని బట్టి నిర్ణయించాలని పేర్కొంది. విదేశాల నుంచి పిల్లలు తల్లిదండ్రులకు ప్యాకేజీలు ‘బుక్’ చేయడం నేటి తెలుగు కుటుంబాలలో ప్రేమకు ఒక రూపం. అయితే ఆ ప్రేమలో పెద్దల ఇష్టానిష్టాలను అడిగి తెలుసుకోవడమూ భాగం కావాలి.

7. ముగింపు

రక్తపోటు చప్పుడు లేకుండా మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి బాధ లేకపోవడమే ఆరోగ్యమన్న భావన ప్రాణాంతకం కాగలదు. అలాగని ఆ భావన ఉన్నవారిని నిందించడం వల్ల ఫలితం ఉండదు. పరీక్షకు ఎందరు వచ్చారన్నది మాత్రమే లెక్కిస్తే చరిత్ర నేర్పిన పాఠం మరచినట్లే. వచ్చినవారిలో ఎందరికి చికిత్స అందింది, అది ఎంతకాలం కొనసాగింది అన్నదే అసలు కొలమానం. వృద్ధుల వైఖరులపై జరిగే పరిశోధనలు “ఎందుకు రాలేదు?” అన్న ప్రశ్నతోపాటు “వస్తే ఏమి లభించేది?” అన్న ప్రశ్ననూ అడగవలసి ఉంది.