ఇండొనేషియా తొలి పార్లమెంటు ఎన్నికలు: 1955 ఫలితాలు నేర్పిన పాఠం

స్వాతంత్ర్య ప్రకటన జరిగిన పది సంవత్సరాలకు, 1955 సెప్టెంబరు 29న, ఇండొనేషియా ప్రజలు తొలిసారిగా తమ పార్లమెంటును ఎన్నుకొన్నారు. వేలాది ద్వీపాలలో విస్తరించిన ఆ దేశంలో నాడు 4 కోట్ల 30 లక్షలకు పైగా ఓటర్లు నమోదయ్యారు. వారిలో నూటికి తొంభై మందికి పైగా ఓటు వేశారు. చదువురాని గ్రామస్థులు సైతం ఓటు పత్రం మీది పార్టీ గుర్తుకు చిల్లు పొడిచి తమ అభిప్రాయాన్ని తెలిపారు.

ప్రజలలో అత్యధికులు ముస్లిములు గనుక ముస్లిం పార్టీ అయిన మస్యూమియే అగ్రస్థానం పొందగలదని అనేకులు భావించారు. ఫలితాలు వేరుగా వచ్చాయి. ఎన్నికైన 257 స్థానాలలో సుకర్ణో ఆశీస్సులున్న జాతీయ పార్టీకి 57, మస్యూమికి 57, నహ్దతుల్ ఉలమాకు 45, కమ్యూనిస్టు పార్టీకి 39 లభించాయి. ఓట్లలో వీటి వాటా వరుసగా నూటికి 22.3, 20.9, 18.4, 16.4. ఏ ఒక్క పార్టీకీ నాలుగవ వంతు ఓట్లయినా రాలేదు.

ఈ ఫలితానికి మూలం మూడేళ్ళ క్రితమే ఉన్నది. 1945లో ఏర్పడిన మస్యూమి ముస్లిం సంస్థలన్నింటికీ ఉమ్మడి వేదికగా ప్రారంభమైంది. కాలక్రమాన పార్టీ నాయకత్వంలో ఆధునిక విద్యావంతులదే పైచేయి అయింది. తమ మాట సలహాకే పరిమితమైపోయిందని సంప్రదాయ ఉలమా బాధపడ్డారు. మతవ్యవహారాల మంత్రిపదవి విషయంలో తగాదా ముదిరింది. 1952లో నహ్దతుల్ ఉలమా వేరుపడి స్వతంత్ర పార్టీ అయింది. తాత్కాలిక పార్లమెంటులో 8 స్థానాలే ఉన్న ఆ పార్టీ 45కు పెరగడం అందరినీ ఆశ్చర్యపరచింది. జావా గ్రామాలలోని మతపాఠశాలలు, వాటి గురువుల పట్ల ప్రజలకున్న గౌరవం ఎంతటి బలమో ఆ ఎన్నికలతో తెలియవచ్చింది.

మరొక చీలిక భౌగోళికమైనది. జాతీయ పార్టీ, నహ్దతుల్ ఉలమా, కమ్యూనిస్టు పార్టీ తమ ఓట్లలో అయిదింట నాలుగు వంతులకు పైగా జావాలోనే పొందాయి. మస్యూమి ఓట్లలో దాదాపు సగం సుమత్రా, సులవేసి వంటి బయటి ద్వీపాలవి. కనుక ఆ పార్టీ ప్రభుత్వం నుండి తొలగితే ఆ ద్వీపాలు కూడా తమకు రాజధానిలో చోటు లేదని తలచే ప్రమాదముండెను.

జరిగినదీ అదే. 1956 మార్చిలో జాతీయ పార్టీ, మస్యూమి, నహ్దతుల్ ఉలమా కలిసి ప్రభుత్వం ఏర్పరచాయి. ఆ ఏడాది డిసెంబరులో సుమత్రాకు చెందిన హట్టా ఉపాధ్యక్ష పదవి వదలుకొన్నాడు. 1957 జనవరిలో మస్యూమి మంత్రివర్గం నుండి వైదొలగింది. మార్చిలో ఆ ప్రభుత్వం పడిపోయి సైనిక శాసనం వచ్చింది. 1958లో సుమత్రాలో తిరుగుబాటు ప్రభుత్వం వెలసింది. మస్యూమి ప్రముఖులు కొందరు అందులో చేరారు.

1955 డిసెంబరులో ఎన్నికైన రాజ్యాంగ సభలోనూ ఇదే ప్రతిష్టంభన. ముస్లిములు షరీఅత్‌ను పాటించాలన్న 1945 నాటి వాక్యాన్ని చేర్చాలనే ప్రతిపాదన 1959 మే 29న 201-265 ఓట్లతో వీగిపోయింది. 1945 రాజ్యాంగాన్ని యథాతథంగా స్వీకరించాలన్న ప్రతిపాదనకు ఆధిక్యం వచ్చినా, మూడింట రెండు వంతులు రాలేదు. జూన్ 2న వచ్చినవి 263-203. ఇరుపక్షాలకూ ఎదుటివారిని అడ్డగించే బలమున్నది, ఒప్పించే బలం లేదు. జూలై 5న సుకర్ణో ఆజ్ఞతో సభ రద్దయింది. 1960లో ఎన్నికైన పార్లమెంటు రద్దయింది, మస్యూమి కూడా రద్దయింది. ప్రజలు మళ్ళీ పార్లమెంటుకు ఓటు వేసినది 1971లో. స్వేచ్ఛగా వేసినది 1999లో.

ఎన్నికలు దేశాన్ని చీల్చాయని ఆనాడు కొందరు నిందించారు. నిజానికి అంతకు ముందే ఉన్న చీలికలను ఆ ఓట్లు లెక్కించి చూపాయి. మస్యూమి, నహ్దతుల్ ఉలమాలు కలిసినా 102 స్థానాలే. ఇతర ముస్లిం పార్టీలను చేర్చుకొన్నా సగానికి చేరలేదు. సంఖ్యాబలమున్న సమాజం ఒకే రాజకీయాభిప్రాయంతో ఉండి తీరుతుందన్న ఊహ ఇక్కడ నిలువలేదు. ఒంటరిగా పాలించే అధికారాన్ని ప్రజలు ఎవరికీ ఇవ్వలేదు. సంప్రదించుకొని పాలించమన్నారు. షూరాను ఆదర్శంగా చెప్పుకొన్నవారికి అది పరిచయం లేని ఆదేశం కాదు. దానిని నాయకులు నెరవేర్చలేకపోయినందుకు ప్రజలు నలభై సంవత్సరాల మూల్యం చెల్లించారు.