అమాతె కాగితము: ఒక జానపద కళ ప్రాచీనత

జానపద కళలు అనాదినుండి మార్పులేక వచ్చుచున్నవని భావించుట పరిపాటి. మెక్సికో దేశపు అంగళ్లలో విరివిగా కనిపించు అమాతె చిత్రములను పరిశీలించినచో ఈ భావమును కొంత సవరించుకొనవలసి యుండును. గోధుమవన్నె బెరడు కాగితముపై పక్షులను, పూలను, పొలము పనులను, పెండ్లి ఊరేగింపులను నిండు రంగులతో చిత్రించిన ఈ వస్తువులు ప్రాచీన కళగా అమ్ముడుపోవుచుండును. వీనిలో కాగితము ప్రాచీనమే. దానిపై ఈ తీరు చిత్రరచన 1960 దశకమున పుట్టినది. ఈ రెంటి కలయిక ఎట్లు సంభవించెనో, దాని ఫలమేమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

అమాతె యను పదము నహువాతల్ భాషలో కాగితమను అర్థముగల ‘ఆమత్ల్’ నుండి వచ్చినది. భూర్జపత్రమువలె చెట్టునుండి తీసిన పొరను ఇందు యథాతథముగా వాడరు. మర్రి, మేడి జాతికి చెందిన చెట్ల లోపలి బెరడును సున్నముతోగాని బూడిదతోగాని ఉడికించి, మెత్తబడిన నారలను చెక్కపై అడ్డముగను నిలువుగను పరచి, అవి ఒండొంటితో కలిసిపోవువరకు రాతితో మోది, ఎండలో ఆరబెట్టుదురు.

స్పానిషువారు రాకమునుపు ఈ కాగితము రాజ్యతంత్రమునకును మతమునకును ఆధారమై యుండెను. 1541 ప్రాంతమున రచింపబడిన మెందోసా చిత్రగ్రంథమును బట్టి, ఆజ్టెక్ రాజధానియైన టెనోచ్‌టిట్లాన్‌కు ఏటేట దాదాపు 4,80,000 తావులు కప్పముగా చేరుచుండెనని పండితులు గణించిరి. పన్నులు, భూముల హద్దులు, వంశావళులు దీనిపై లిఖింపబడెడివి. దేవతలకు కాగితమును అర్పించుటయు ఆచారమే. ఈ యాచారమే దానికి చేటు తెచ్చినది. క్రైస్తవ మతాచార్యులకు అది విగ్రహారాధన సాధనముగా తోచెను. 1562లో యుకతాన్ ప్రాంతపు మానీ పట్టణమున దియెగో దె లాందా మాయా గ్రంథములను తగులబెట్టించెను. 1570–1577 నడుమ ఆ దేశమున సంచరించిన రాజవైద్యుడు ఫ్రాన్సిస్కో ఎర్నాందెస్, తెపొస్త్లాన్‌లో అనేకులు ఇంకను కాగితము చేయుచుండుటను చూచి వ్రాసెను. తరువాత ఐరోపా కాగితము వ్యాపింపగా ఈ వృత్తి క్రమముగ అడుగంటెను.

అయినను ప్వెబ్లా రాష్ట్రపు కొండలలోని సాన్ పాబ్లితొ గ్రామమున ఒతొమీ జనులు దీనిని విడువలేదు. అచ్చటి మంత్రవేత్తలు మొక్కజొన్న మొదలగు పైరుల అధిదేవతల రూపములను కాగితమున కత్తిరించి పంటలకొరకు పూజించుచుండిరి. ఏ పూజ కారణమున కాగితము దూషితమయ్యెనో ఆ పూజయే దానిని కాపాడెను.

ఇక చిత్రరచన వేరొక చోటిది. గెర్రెరో రాష్ట్రమున బాల్సాస్ నదీపరిసరములందలి అమెయాల్తెపెక్ మొదలగు గ్రామముల నహువాలు మట్టిపాత్రలపై చిత్రించుటలో నేర్పరులు. పాత్రలు దూరప్రయాణమున పగులును. కాగితమును చుట్టి కొనిపోవచ్చును. 1960 దశకారంభమున మెక్సికో నగరపు కళావస్తు వర్తకుడు మాక్స్ కెర్లో మొదలగువారి ప్రోత్సాహమున వారు ఒతొమీల కాగితముపై చిత్రింప మొదలిడిరి. ఒకరి కాగితము, వేరొకరి కుంచె, నగరపు అంగడి అను మూటి సంయోగమే నేటి అమాతె చిత్రము.

కొత్తది గావున ఇది కృత్రిమమని త్రోసివేయదగునా? 1990లో సాన్ హువాన్ తెతెల్సింగొ వద్ద జలవిద్యుత్తునకై తలపెట్టిన ఆనకట్ట తమ గ్రామములను ముంచునని తెలిసి, బాల్సాస్ నహువాలు సంఘటితులై ఎదిరించిరి. ఆ యుద్యమమున చిత్రకారులు తమ నిరసనను అమాతెపై చిత్రించి లోకమునకు చూపిరి. ఆనకట్ట కట్టబడలేదు. పూర్వము భూముల హద్దులను తెల్పిన కాగితమే, యాత్రికులు కొను వస్తువైన పిమ్మట, మరల భూమి హక్కును చాటినది.

అయితే ఈ గిరాకికి మూల్యము చెల్లించినది అడవి. పూర్వపు చెట్లు చాలక హోనోతె యను చెట్టు బెరడును దూరప్రాంతములనుండి తెప్పించుచున్నారు. బూడిదకు బదులు కాస్టిక్ సోడా వాడుటచే నీరు కలుషితమగుచున్నది. చిత్రకారునకు దొరకిన పేరు, కాగితము మోదిన స్త్రీల చేతులకు దొరకలేదు. కావున జానపద కళాచరిత్రకారుడు ఒక వస్తువు ఎంత ప్రాచీనమని మాత్రమే అడిగి ఊరకుండరాదు. అందలి ఏ భాగము ఎవరిది, ఎప్పటిది, ఏ యవసరమున కలిసినది, దానికై ఏది నశించుచున్నది అని వేర్వేరుగ విచారింపవలెను.