దుంగల ట్రైలర్: లోడు కట్టే విధానం

కలప దుంగలు ప్రయాణంలో దొర్లకుండా, జారకుండా ట్రైలర్‌పై నిలిపి కట్టే పద్ధతి. బెరడు ఒలిచినవి, వానకు తడిసినవి మరింత జారతాయి. పక్కలకు పొర్లకుండా ఆపేవి ప్రధానంగా నిలువు గుంజలు. గొలుసులు, పట్టీలు లోడును బిగించి ఉంచుతాయి.

అమెరికాలో 2004 జనవరి 1 నుంచి తప్పనిసరైన సమాఖ్య నిబంధనలు ఇందుకు మంచి నమూనా. వాటి ప్రకారం అంచున ఉన్న ప్రతి దుంగా కనీసం రెండు గుంజలకు ఆనాలి. అంచుల్లో అన్నిటికన్నా పైనున్న దుంగ కేంద్రం గుంజ కొనకంటే కిందే ఉండాలి. సాధారణ సరుకుకు కట్ల మొత్తం సామర్థ్యం బరువులో సగమైనా ఉండాలి; గుంజల మధ్య పేర్చిన దుంగలకు ఆరో వంతు చాలు. అంటే 24 టన్నులకు 4 టన్నులు. ఈ సడలింపు గుంజల బలాన్ని నమ్మి ఇచ్చినదే కనుక వంగిన, పగిలిన గుంజతో బండి కదపడం క్షమించరానిది.

కుదుపులకు బెరడు నలిగి, దుంగలు సర్దుకొని గొలుసులు వదులవుతాయి. అందుకే మొదటి 80 కిలోమీటర్లలోపే ఆపి మళ్లీ బిగించాలి. కట్లు విప్పే వేళ ప్రమాదం ఎక్కువ: దారిలో కదిలిన దుంగ గొలుసు ఆధారంగానే నిలిచి ఉండవచ్చు. దింపే యంత్రం లోడును పట్టి ఉంచాకే కట్లు విప్పాలి. దుంగలు దొర్లే వైపు ఎవరూ ఉండకూడదు.